చేరని సందేశాల గది

“ఐదింటిలోగా మీరు ఇక్కడికి రాకపోతే అవన్నీ చెరిగిపోతాయండీ!” ఫోన్‌లో దాదాపు అరిచాడు గుమాస్తా.

“పోతే పోనీవయ్యా!” అవతలి నుంచి వెల్డర్ అంతకంటే గట్టిగా అరిచాడు. వెనకాల గ్రైండర్ రొద. “నాకేదో వచ్చిందని రోజూ ఒక మెసేజ్ వస్తూనే ఉంది. లాటరీ మోసమని నేను తీసేస్తూనే ఉన్నాను.”

“లాటరీ కాదండీ. ‘మీకొక వీడియో వచ్చింది, మీ ఫోన్‌లో తెరుచుకోదు, మా ఫోన్ కంపెనీ ఆఫీసుకొచ్చి చూసుకోండి’ అని మేం పంపేది. ఇప్పటికి ఇరవై ఆరు వచ్చాయి. అన్నీ మీ చెల్లెలు పంపినవే.”

గ్రైండర్ ఆగింది.

“మా చెల్లెలా? నిన్ననేగా మాట్లాడింది, బాగున్నానంది! అవునూ, అది నా చెల్లెలని నీకెలా తెలుసు?”

గుమాస్తా నాలుక కరుచుకున్నాడు. “ఒక్కసారి రండి సార్,” అని ఫోన్ పెట్టేశాడు.

ఊరంతా వెతికినా వీడియోలు తెరుచుకునే ఫోన్లు నాలుగొందలు లేవు. మిగతావన్నీ మాటలకే. అలాంటి ఫోన్లకు ఎవరైనా వీడియో పంపితే అది ఈ కిటికీ లేని గదిలోని కంప్యూటర్లో పడి ఉంటుంది. నెలాఖరు సాయంత్రం ఐదింటికి అన్నిటినీ చెరిపెయ్యడం గుమాస్తా పని. చూడకూడదన్నది రూలు. పలకరించే మనిషి లేని ఆ గదిలో మొదటి వారంలోనే రూలును గాలికొదిలేశాడతను.

నాలుగున్నరకు వెల్డర్ వచ్చాడు. ఒళ్లంతా మసి, నల్లద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. “ఫోన్‌లో సినిమాలేమిటయ్యా? మాట్లాడ్డానికే బిల్లు తడిసి మోపెడవుతుంటే!” అంటూ కుర్చీ లాక్కున్నాడు.

గుమాస్తా మొదటిది నొక్కాడు.

ఆస్పత్రి లాండ్రీ. ఫోన్‌ను దేనికో ఆనించి పెట్టినట్టుంది, గది కాస్త వాలిపోయి కనిపిస్తోంది. ఆవిడ దుప్పట్లు మడతపెడుతూ మాట్లాడుతోంది.

“అన్నయ్యా, ఇవాళ రెండొందల నలభై దుప్పట్లు మడిచాను. నోరు విప్పే అవసరమే రాలేదు. పొద్దున పనికి వస్తుంటే కూరగాయలవాడు ‘చిల్లర లేదా’ అన్నాడు. ఇవాళ్టికి నాతో మాట్లాడింది అతనొక్కడే.”

అర నిమిషానికి ఆగిపోయింది. అంతకుమించి పట్టదు. గుమాస్తా మరొకటి నొక్కాడు.

“అన్నయ్యా, ఇవాళ నా పుట్టినరోజు. నీకు గుర్తుండదులే. నయం, మధ్యాహ్నం దాకా నాకే గుర్తులేదు!” ఆవిడ నవ్వబోయి, దుప్పటి దులిపింది.

ఇంకొకటి.

“నువ్వు ఫోన్ చేస్తే బాగున్నానంటాను చూడు, ఆ ఒక్క ముక్కా అన్నాక ఇంక ఏం చెప్పాలో తోచదు. ఇందులో అయితే ఎన్నో వస్తాయి.”

పదో వీడియోకు వెల్డర్ నల్లద్దాలు కళ్ల మీదికి దించుకున్నాడు. ఇరవై ఆరోది అయ్యేదాకా తియ్యలేదు.

“చెరపకయ్యా,” అన్నాడు బొంగురుగా.

“నా చేతుల్లో లేదండీ. ఐదింటికి చెరపాల్సిందే. మీకు వీడియో ఫోన్ ఉంటే మాత్రం అన్నీ అందులోకి వెళ్లిపోతాయి.”

వెల్డర్ కింద ఫోన్లమ్మే కౌంటర్‌కు పరుగెత్తాడు. ధర కూడా అడక్కుండా చేతికందిన ఫోన్ తీసుకుని పైకొచ్చాడు. ఐదుకు నాలుగు నిమిషాలుండగా ఇరవై ఆరూ అందులోకి చేరాయి.

అక్కడికక్కడే చెల్లెలికి ఫోన్ చేశాడు.

“చెల్లాయ్! నేనూ వీడియో ఫోన్ కొన్నానే! నువ్వు పంపినవన్నీ చూశాను... అన్నీనే... అలా ఉన్నావని ఒక్క మాట చెప్పొచ్చుగా? ఏమిటీ? ఊరికే సరదాకి పంపావా? సరేలే. ఇకమీదట రోజూ పంపు, చూస్తాను. వింటున్నావా?... హలో?”

“ఏమన్నారండీ?” గుమాస్తా ఆత్రంగా అడిగాడు.

“బాగున్నానంది.” వెల్డర్ కళ్లు తుడుచుకుంటే మసి చెంపలకంటింది. “నీ మేలు మరిచిపోను తమ్ముడూ.”

ఆ రాత్రి గుమాస్తా కంటినిండా నిద్రపోయాడు.

పది రోజులు గడిచాయి. ఆవిడ వీడియోలు ఇప్పుడు తిన్నగా అన్నగారి ఫోన్‌కే వెళ్తాయి కాబట్టి ఈ గదికి రావు. సంతోషించాల్సిందే. కానీ సాయంత్రమయ్యేసరికి గుమాస్తా చెయ్యి దానంతటదే ఆ నంబరు వెతికేది. దుప్పట్ల లెక్క వినకపోతే రోజు పూర్తయినట్టుండేది కాదు.

పదకొండో రోజు వెల్డర్ ఫోన్ చేశాడు. “ఏమయ్యా, నాకు అంటగట్టిన ఫోన్ మంచిదేనా? ఒక్క వీడియో వస్తే ఒట్టు! మా చెల్లెలేమో అడిగినప్పుడల్లా బాగున్నానంటోంది.”

గుమాస్తా కంప్యూటర్లో చూశాడు. ఫోన్‌లో లోపం లేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఎవరికీ ఒక్క వీడియో పంపలేదు.

కనుక్కుని తర్వాత చేస్తానన్నాడు. రిసీవర్ పెట్టాడో లేదో, మళ్లీ మోగింది.

“హలో, ఫోన్ కంపెనీ ఆఫీసేనా బాబూ?”

ఆ గొంతు ఎన్నిసార్లు విన్నాడో! అతని వెన్ను నిటారైంది. “అవునమ్మా, చెప్పండి. వీడియోలు వెళ్లడం లేదా?”

“వెళ్తాయి బాబూ, నా ఫోన్ బాగానే ఉంది. మా అన్నయ్యే కొత్త ఫోన్ కొనేశాడు, ఇప్పుడన్నీ చూసేస్తాడు.” ఆవిడ గొంతు తగ్గించింది. “వీడియోలు తెరుచుకోని నంబరు ఇంకెవరిదైనా ఉంటే ఒకటి ఇస్తావా?”