నీలి గంటపూల మడి

గడ్డపార మూడుసార్లు నేలను తాకింది. ఠంగ్... ఠంగ్... ఠంగ్.

కిటికీ ఊచల వెనక స్పందన ఊపిరి బిగబట్టింది. పెరట్లో ఇంటి ఓనరు పోచవ్వ గడ్డపార పక్కన పెట్టి, పూలమడి అంచున బోర్లా పడుకుని చెవిని నేలకు ఆనించింది. అలాగే కదలకుండా ఉండిపోయింది. కాసేపటికి లేచి చెంపకంటిన మట్టి తుడుచుకుని, ఏమీ జరగనట్టు లోపలికి వెళ్లిపోయింది.

రోజూ ఇంతే. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ కూయగానే మూడు దెబ్బలు, తర్వాత చెవి నేలకు.

ఖానాపూర్‌లో పొలం పనుల మధ్య పెరిగిన స్పందన, నస్పూర్‌లో ఈ అద్దెవాటాలో దిగి మూడు నెలలైంది. వచ్చిన రోజే పోచవ్వ ఒక్క షరతు పెట్టింది.

"ఇల్లంత నీదే అనుకో బిడ్డా. గా మడి జోలికి మాత్రం పోకు."

మడి నిండా నీలిరంగు గంటపూలు. నర్సరీవాళ్లు కాంపానులా అంటారట. ఆ మొక్క చలికి చావదు. ఎండలకు గోనెపట్టాల నీడ వేసినా ఎండి నేలలో కలిసిపోతుంది. ఇక పోయిందనుకుంటే తొలకరికి పాత వేరు నుంచే మళ్లీ లేస్తుంది.

"బంతిపూలు పెట్టుకోరాదా అవ్వా?" అని స్పందన అడిగిందొకసారి.

"బంతికైతే ఏడాదికోపారి నేల తవ్వాలె. దీనికి గా పని లేదు. ఒక్కపారి పెడితే పన్నెండేండ్ల సంది అదే వస్తుంది."

ఆ మాటకు అప్పుడే ఒళ్లు జలదరించింది. పైగా మడి గోడ వెంట లేదు. పెరటికి అడ్డంగా, ఏటవాలుగా, సరిగ్గా ఒక మనిషి పొడవున ఉంది. తలాపున ఇనుప తీగకు ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. దాని మీద 417 అని అంకె. తమ ఊళ్లో మేకల మెడకు కట్టే బిళ్లలా ఉందనుకుంది స్పందన.

పక్కింటి అనసూర్యను గోడ మీదుగా అడిగింది.

"అక్కా, పోచవ్వ పెనిమిటి ఏడి?"

అనసూర్య గొంతు తగ్గించింది. "కొండల్ సంగతా? పొద్దుగాల సద్ది కట్టుకొని పోయిండు, మళ్ల రాలే. పీనుగ గూడ దొర్కలే. గీమెనేమో 'యాడికి పోలే, ఈడనే ఉన్నడు' అంటది. అసలు గా దినం..."

వెనక తలుపు కిర్రుమంది. పోచవ్వ వాకిట్లో నిలబడి చూస్తోంది. అనసూర్య చప్పున బట్టల బకెట్ ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం మంచిర్యాల రైల్వే స్టేషన్‌లో పని ముగించుకుని భర్త ప్రణయ్ ఇంటికి వచ్చాడు. స్పందన చెప్పిందంతా విని నవ్వాడు.

"నువ్వు సీరియళ్లు జర తక్వ చూడు."

"నీకు నవ్వులాటే! నల్లా పైపు గా మడి మీదికెళ్లి ఏస్తమంటే నీతోని ఏమన్నది?"

ప్రణయ్ నవ్వు ఆగింది. "పార పెడితే నన్ను గూడ గీడనే పండవెడ్త అన్నది."

"ఇల్లు ఖాళీ జేద్దామయ్యా. నాకు భయమైతుంది. నువ్వు డ్యూటీకి పోతే నేనొక్కదాన్నే ఉంట."

ఇంతలో అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి. స్పందన ఉలిక్కిపడింది.

"కింద బొగ్గుబాయి ఉన్నది కదనే. బ్లాస్టింగ్ అది. గిట్లనే ఉత్తగ ఊహించుకుంటవ్. ఏదన్న రుజువు చూపెట్టు, రేపే సామాను సదురుదాం."

రుజువు! మర్నాడు ఉదయం పోచవ్వ మోకాళ్ల మందు కోసం మంచిర్యాల దవాఖానకు ఆటో ఎక్కింది. మలుపు తిరిగేదాకా చూసి స్పందన పార అందుకుంది.

నీలిపూల మొక్క ఒకటి వేళ్లతో సహా ఎత్తి పక్కన పెట్టింది. తవ్వడం చేతికి కొత్త కాదు. అడుగు. రెండడుగులు. మెత్తగా ఏదో తగిలింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. వంగి చూస్తే, వేరు. తెల్లటి, లావైన వేరు.

మూడడుగులు. కింద మట్టి గట్టిగా ఉంది. పొలం తవ్విన పిల్లకు ఆ మాత్రం తెలుసు. ఆ నేలను ఎవరూ ఎప్పుడూ తవ్వలేదు.

సైరన్ కూసింది.

వెనకే ఠంగుమన్న చప్పుడు. స్పందన తిరిగి చూసింది. గడ్డపార పట్టుకుని పోచవ్వ నిలబడి ఉంది.

పక్కన గోడ. ముందు గొయ్యి. దారికి అడ్డంగా పోచవ్వ.

"డాక్టర్ రాలే. తిరిగచ్చిన," అంది పోచవ్వ ఒక్కో అడుగూ వేస్తూ. "ఏం దొరికింది?"

"ఏం... ఏం దొర్కలే అవ్వా. తప్పైంది. నన్నేం జేయకు."

పోచవ్వ గడ్డపార ఎత్తింది. స్పందన కళ్లు గట్టిగా మూసుకుంది.

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

కళ్లు తెరిచేసరికి ముసలామె గొయ్యి పక్కన పడుకుని చెవిని నేలకు ఆనించి ఉంది. కింద నుంచి ఏదో జవాబు రావాలన్నట్టు చాలాసేపు విన్నది. తర్వాత లేచి, స్పందన పెకిలించిన మొక్కను చేతిలోకి తీసుకుని వేరు తడిమింది.

"తెగలే. బతుకుతది," అంది. "ఎంత లోతు తవ్వినవ్?"

"మూడడుగులు."

పోచవ్వ తీగకున్న ఇత్తడి బిళ్లను కొంగుతో తుడిచింది.

"దిగెటప్పుడు పైన ఇచ్చిపోయిన హాజరు బిళ్ల గిది. సర్వే సారు నక్శ జూసి, సరిగ్గ పైన గీసిచ్చిన మడి ఇది. మా ఆయన మీద బొగ్గుబాయి కూలిన జాగ ఇంకా తొమ్మిది వందల అడుగుల కింద ఉన్నది బిడ్డా."