పెద్దమ్మాయిని రానివ్వొద్దు

"మీరిక్కడే ఉండండి. లోపలికి మీ చెల్లెలొక్కరే" అంటూ నర్సు నా చేతిలోని గౌను లాక్కుని చెల్లికిచ్చింది.

ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరిన అమ్మకు ఇక్కడే పేగుల్లో ఇన్‌ఫెక్షన్ అంటుకుంది. విరేచనాలు తగ్గేదాకా వేరే గదిలో ఉంచారు.

"ఎవరు చెప్పారలా?"

"మీ అమ్మగారే. పెద్దమ్మాయిని రానివ్వొద్దన్నారు."

ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచీ ఇంతే. అమ్మ పక్కలో పడుకునేది అదే, అమ్మ కొంగు పట్టుకు తిరిగేదీ అదే. గాజు తలుపు అవతల అది గ్లవ్స్ చేతులతో అమ్మ జుట్టు సర్దుతుంటే చూడలేక తల తిప్పుకున్నాను.

"నేనూ కన్నకూతుర్నే కదండీ. సబ్బుతో చేతులు కడుక్కునే వెళ్తాను."

"మీరు పంటికి యాంటీబయాటిక్స్ వాడుతున్నారా?"

ఉలిక్కిపడ్డాను. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

"ఆ మందులు కడుపులోని మంచి బ్యాక్టీరియానీ చంపేస్తాయి. అప్పుడీ జబ్బు తేలిగ్గా అంటుకుంటుందని నిన్న మీ అమ్మగారికి చెప్పాను. వెంటనే మీ గురించే అన్నారు. ఫోన్లో మీ మాట ముద్దగా వస్తోందట, మళ్లీ పంటి చిగురు వాచి మందులు మింగుతూ ఉంటారట."

తలుపు తీసుకుని చెల్లి వచ్చింది. గౌను, గ్లవ్స్ బుట్టలో పడేసి, కుళాయి దగ్గర సబ్బుతో చేతులు బరబరా రుద్దుకుంటూ, నా మొహం చూడకుండానే అంది.

"లోపలున్నంతసేపూ నీ పన్ను గోలే. నేను తిన్నానో లేదో ఒక్క మాట అడగలేదు."