తీరిక లేని టీచరమ్మ

“నాకు పాట రాదు బాబూ. ముప్పై ఏళ్లుగా ఈ చర్చిలో పెదాలు మాత్రమే కదుపుతున్నాను,” అంది టీచరమ్మ.

“ఆ సంగతి మాకు తెలుసండీ... అదే, రాకపోయినా పరవాలేదండీ,” అని నాలిక్కరుచుకున్నాడు మందుల షాపాయన. చర్చి పాటల బృందానికి ఆయనే పెద్ద. “ఆడవాళ్ల వరసలో ఒకరు తక్కువయ్యారు. సోమవారం సాయంత్రాలు మీరు రావాల్సిందే.”

తీరా వెళ్లి చూస్తే ఆడవాళ్ల వరసలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఆయనే పరుగెత్తుకెళ్లి పక్కగదిలోంచి ఇంకోటి తెచ్చి ఇరికించాడు. టీచరమ్మ పాడితే హార్మోనియం ఆయన మధ్యలో రెండుసార్లు చేతులు తీసేశాడు. అయినా అందరూ బ్రహ్మాండం అన్నారు.

అక్కడ మొదలైంది ఆమె అయోమయం. భర్త పోయి అప్పటికి మూడు వారాలు. ఇల్లు తాళం వేసి ఎవరికీ కనపడకుండా కూర్చుందామనుకున్న మనిషికి ఊపిరి సలపని పని వచ్చిపడింది.

మంగళవారం కూతురు ఫోన్ చేసి, “అమ్మా, పాప లెక్కల్లో వెనకబడింది, నువ్వొచ్చి చెప్పాలి,” అంది. లెక్కలంటే టీచరమ్మకు ప్రాణం. వెంటనే వెళ్లింది. పాప పుస్తకం తెరిస్తే పేజీ పేజీకీ నూటికి తొంభై ఎనిమిది.

“ఇందులో నీకు రానిదేంటే?”

“నాకన్నీ వచ్చు అమ్మమ్మా. అమ్మ రానట్టు ఉండమంది,” అని చెప్పేసి, పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంది పాప.

బుధవారం మొక్కల క్లబ్బు. ఎవరి కుండీ బాగుందో ఆమే తేల్చాలట. గులాబీకీ మందారానికీ ఆకుల్లో తేడా తెలియని మనిషి ఆమె. గురువారం కొడుకు టైలరింగ్ షాపు. “గుండీలు కుట్టేవాళ్లు దొరకడం లేదమ్మా,” అని మొరపెట్టుకున్నాడు కొడుకు. వెళితే ముగ్గురు పనివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుని, ఆమె సూదిలోకి దారం ఎక్కించడం వింతగా చూశారు.

శుక్రవారం పాస్టరుగారి వంతు. చర్చిలోని నూట ఇరవై పాటల పుస్తకాలను నంబర్ల వారీగా సర్దిపెట్టాలి. సర్దింది. మళ్లీ శుక్రవారానికి అన్నీ చెల్లాచెదురు. మళ్లీ సర్దింది. మళ్లీ అంతే. ఆదివారం ఆరాధనకు వచ్చేది అరవై మంది, చెదిరేది నూట ఇరవై పుస్తకాలు. ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఆమెకు ఈ లెక్క తేలలేదు.

ఇక శనివారం ఇంకో విడ్డూరం. ఆరు రోజులు ఊపిరి తీసుకోనివ్వని జనం, ఆ ఒక్కరోజు ఒక్క ఫోనయినా చేయరు. పక్కింటావిడ కూడా గేటు దగ్గర కనపడి తప్పుకుపోతుంది. ఇంట్లో తనూ, ఆయన ఫొటో. ఆ రోజు ఆమె తనివితీరా ఏడ్చేది. ఏడుస్తూనే ఆయన్ని తిట్టేది కూడా. ఎలక్ట్రీషియన్ బుర్ర ఆయనది. జబ్బని తెలిశాక నాలుగు నెలలు మాట్లాడిందంతా మోటారు గురించి, ఇన్వర్టర్ నీళ్ల గురించి. నేను పోయాక నువ్వెలా ఉంటావు అని ఒక్కనాడూ అడగలేదు. పక్కింట్లో స్క్రూడ్రైవరయినా అడిగి తెచ్చుకోని మొండిమనిషి. చివరికి ఆమెనూ ఏమీ అడగకుండానే పోయాడు. ఆమెకు అదే కడుపుమంట.

అయిదో శుక్రవారం ఆమె గంట ముందే చర్చికి వెళ్లింది. లోపల పాస్టరుగారు చొక్కా చేతులు మడిచి, అరల్లోంచి పాటల పుస్తకాలు గుప్పిళ్లతో తీసి బెంచీల మీద కలగాపులగం చేస్తున్నారు.

“వందనాలు పాస్టరుగారూ.”

ఆయన చేతిలోని పుస్తకాలు జారి కిందపడ్డాయి. “అమ్మా! మీరు పది గంటలకు కదా...”

“జాలి కదూ?” అంది టీచరమ్మ. “ముసలిదాని మొగుడు పోయాడు, ఏదో ఒక పని పడేద్దాం అనుకున్నారు. పాటలు, పాప, గుండీలు అన్నీ నాటకమే. ఈ వయసులో నా చెవిలో పువ్వు పెడతారా?”

పాస్టరుగారు కిందపడ్డ పుస్తకాలు ఏరసాగారు. “జాలి కాదమ్మా.”

“మరేంటి? నాతో అబద్ధం చెప్పకండి. ఇది జాలి అని తేలితే ఈ పూటతో అన్నీ మానేస్తాను. తలుపేసుకుని కూర్చుంటాను, ఎవరొచ్చినా తీయను. ఎవరి బుర్రలో పుట్టింది ఇది? మా అబ్బాయా?”

“కాదు.”

“మా అమ్మాయా? మీరా?”

“మేమెవరమూ కాదమ్మా. మీకు చెప్పనని మాటిచ్చాను. కానీ మీరు తలుపేసుకుంటానంటే ఆ మాట నిలబెట్టుకోలేను.” ఆయన బైబిల్ తెరిచి, మడత పెట్టిన కాగితం తీసి ఆమె చేతికిచ్చారు.

ఆమె కళ్లజోడు సరిచేసుకుంది. రూళ్లకాగితం మీద వారంలోని రోజులన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. సోమవారం పాటలు, మందుల షాపాయన. మంగళవారం పాప లెక్కలు. బుధవారం కుండీలు. గురువారం గుండీలు. శుక్రవారం పుస్తకాలు, తను వచ్చేలోపే చెదరగొట్టాలి. ఆదివారం ఆరాధన తర్వాత అబ్బాయి ఇంట్లో భోజనం.

శనివారం ఎదురుగా మాత్రం రెండు వాక్యాలున్నాయి: “ఈ రోజు ఎవరూ వెళ్లొద్దు. మనుషులుంటే తను ఏడవదు.”

ఆ రాత ఆమె భర్తది.