నాలుగు దోసిళ్ళు

ఆ బేకరీ ఆవిడను వీధిలో అందరూ కాటా అక్క అనే పిలిచేవారు.

గుడ్డు పగలగొట్టినా తూచి చూసుకుంటే గాని పిండిలో కలపని మనిషి. కప్పులూ చెంచాలూ అంటే ఆమెకు ఒళ్ళు మంట. కప్పు పండ్లు ఒకరు కుక్కి పోస్తారు, ఇంకొకరు వదులుగా పోస్తారు. గ్రాములైతే ఎవరు తూచినా గ్రాములే.

అలాంటి మనిషికి వాళ్ళమ్మ దోసిళ్ళ లెక్క అప్పజెప్పింది.

మంచం పట్టిన అమ్మ తిండి మానేసింది. ఏం పెట్టినా ముఖం తిప్పేసుకుంటోంది. బతిమాలగా బతిమాలగా ఒక్కటే అడిగింది, మల్బరీ జామ్. కూతురు పుట్టిన కొత్తలోనే తండ్రి ఇల్లు విడిచిపోయాక ఆ ఇంట్లో ఎన్నడూ చేయని జామ్. ఎలా చేయాలమ్మా అంటే, కిలో పంచదారకు నాలుగు దోసిళ్ళ పండ్లు అని చెప్పి కళ్ళు మూసుకుంది.

కాటా అక్క తన దోసిలితో నాలుగుసార్లు పండ్లు తీసి తూచింది. ఎనిమిది వందల గ్రాములు.

జామ్ చేసి తీసుకెళ్తే అమ్మ నాలుకకు తగిలించుకుని, ఇది కాదు అంది.

అమ్మ చేతులు తనవాటికన్నా చిన్నవి కదా అని రెండోసారి పండ్లు తగ్గించింది. అది మరీ పాకంలా వచ్చింది. అమ్మ చెంచా తోసేసింది.

ఫోన్‌లో వంటల పట్టికలన్నీ గాలించింది. కప్పు మల్బరీలు ఎన్ని గ్రాములో దొరికింది గాని, దోసిలి బరువు ఏ పట్టికలోనూ లేదు. అమ్మ చిక్కి సగమైంది. డాక్టరు పెదవి విరిచాడు.

ఇది చాలదన్నట్టు షాపులో ఓ ముసలాయన తయారయ్యాడు.

రోజూ ఒక బన్ను తీసుకుని, వంటగది గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని పూటంతా నమిలేవాడు. ఎక్కడివారంటే చెప్పడు. మీ అమ్మగారు ఏమైనా తిన్నారా అని మాత్రం వచ్చినప్పుడల్లా అడిగేవాడు. మా ఇంటి గొడవ ఈయనకెందుకని ఆమెకు చిర్రెత్తుకొచ్చేది.

ఆ రోజు మూడోసారి జామ్‌కు సిద్ధమవుతుండగా ఫోన్ మోగింది. బయట మాట్లాడి వచ్చేసరికి ముసలాయన వంటగదిలో ఉన్నాడు. బుట్టలోంచి దోసిలితో పండ్లెత్తి, కాటా మీది గిన్నెలో పోస్తున్నాడు. చేటల్లాంటి చేతులు. మణికట్ల దాకా ఊదారంగు.

ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఎవరు చెయ్యి పెట్టమన్నారు మిమ్మల్ని? ఇదేమన్నా మీ ఇల్లనుకున్నారా?"

"కడుక్కునే పెట్టానమ్మా. నువ్వు వేసే పండ్లు చాలడం లేదు. ఇవాళ వెళ్ళిపోతున్నాను, అందుకనే..."

"వెళ్ళండి. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకండి."

ముసలాయన కాటా దగ్గర్నుంచి పక్కకు జరిగాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు కూడా అడగలేదు. ఆ చేతులతోనే సంచీ భుజాన వేసుకుని, ఎదురుగా ఆగిన బస్సెక్కాడు. అది ఏ ఊరి బస్సో ఆమె చూడలేదు. పీడ విరగడైందనుకుంది.

కాటా దాదాపు కిలోన్నర చూపిస్తోంది. తన లెక్కకు ఇంచుమించు రెట్టింపు. పారబోయడానికి మనసొప్పక, ఆ పండ్లనే కిలో పంచదారతో ఉడికించింది. పుల్లగా వచ్చింది. ముసలాయన్ని తిట్టుకుంటూనే ఒక చిన్న గిన్నెలో వేసుకుని అమ్మ గదిలోకి వెళ్ళింది.

అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్ళు తెరిచింది. ఇంకో చెంచా అడిగింది. గిన్నె అడుగు కనిపించేదాకా తింది. కూతురికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

అమ్మ తనంతట తనే లేచి కూర్చుంది. చెదిరిన జుట్టు సవరించుకుంది. గుమ్మం వైపు చూసి, మెల్లగా అంది.

"ఇవి నీ దోసిలి పండ్లు కావు. మీ నాన్నను బయటే నిలబెట్టావేంటే, లోపలికి రమ్మను."