బోర్లించిన దొన్నె

ఉదయం ఆరున్నరకు ముంగిస, జ్వరంతో పడి ఉన్న కుందేలుకు వేరు కషాయం తాగించి, ఖాళీ దొన్నెను తలాపున బోర్లించింది. ఆ పూట మందు పడిందనడానికి ఆ అడవిలో అదే గుర్తు. అదే పూట రెండోసారి పడితే ప్రాణానికే ముప్పు.

"తరవాత నీ దగ్గర కూర్చునే వంతు ఎలుగు మామది. భయపడకు చెల్లీ," అని చెప్పి వెళ్ళింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కుందేలు ప్రాణం పోయి చల్లబడి ఉంది.

"దొన్నె కనబడలేదమ్మా. నువ్వు మరిచిపోయావనుకుని నేనే పోశాను," అంది ఎలుగు.

"ఎంగిలి దొన్నె తలాపున ఎందుకని ఊడ్చేశాను. శుభ్రం ఒక్కరైనా చూడాలిగా," అంది పొదలు ఊడ్చే కొంగ.

నాలుగు రోజుల తరవాత, పక్కచెట్టు ఉడత ముంగిసకు చెప్పింది. 'పొద్దున్నే తాగాను మామా' అని కుందేలు రెండుసార్లు అందట. జ్వరంలో ఏదో అంటోందిలే అనుకుని, ఎలుగు దాని నోరు తెరిపించి పోసిందట.