ఊదుగొట్టం

"ఇంకొక్కసారి సెల్ఫ్ కొట్టి చూడండి," అంది శ్యామలాదేవి.

కుటుంబరావు కొట్టాడు. అంబాసిడర్ కాసేపు మూలిగి ఊరుకుంది.

"కంచికచర్ల దాటినప్పట్నుంచీ బండి లాగడం లేదు. చెబుతూనే ఉన్నాగా!" అంటూ ఆయన దిగి, మళ్ళీ బానెట్ ఎత్తాడు.

సరిగ్గా కంచికచర్ల దగ్గరే శ్యామలాదేవి కళ్ళు మూసుకుని మొక్కుకుంది. 'వేదాద్రి నరసింహస్వామీ, ఈ కారు నందిగామలో ఆగిపోతే నీకు కొబ్బరికాయ కొడతా' అని. స్వామి ఇంత తొందరగా వింటాడనుకోలేదు. రేడియేటర్లో నీళ్ళు పోస్తానని ఆయన నందిగామలో కారు ఆపాడు. ఆవిడ ఎదురు కొట్లో పూలు కొనుక్కొచ్చేసరికి బండి మొండికేసింది. అదీ ఎక్కడ? అన్నయ్య తిరుపతిరావు ఆయిలింజన్ల షాపుకు నాలుగడుగుల దూరంలో.

బావకూ బావమరిదికీ మాటల్లేక నాలుగేళ్ళు. ఫారిన్ కార్లకు టర్బో అని ఒకటి ఉంటుందనీ, అది ఇంజన్లోకి గాలి ఊది బలం పెంచుతుందనీ కుటుంబరావు ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చదివాడు. తన అంబాసిడర్‌కీ ఒకటి పెట్టిస్తానని ఒక పెళ్ళిలో పంక్తి మధ్య కూర్చుని చెప్పాడు. "అంత ఖర్చెందుకు బావా? మా వంటింట్లో ఊదుగొట్టం ఉంది, పట్టుకెళ్ళు," అన్నాడు తిరుపతిరావు. పంక్తంతా ఘొల్లుమంది. బావమరిది కాకపోతే పరాచికాలు ఇంకెవరాడతారు? కానీ ఆ కారును అంటే కుటుంబరావుకు కన్నబిడ్డను అన్నట్టే. విస్తరి ముందు నుంచి లేచిపోయిన మనిషి మళ్ళీ బావమరిది గడప తొక్కలేదు.

రేపు తిరుపతిరావు కూతురు రత్నమణిని పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. ఆ ఇంట్లో తొలి నలుగు మేనత్త చేతి మీదుగానే జరగాలి. అన్నా వదినా జగ్గయ్యపేట వచ్చి బొట్టు పెట్టి మరీ పిలిచారు. కుటుంబరావు పెరట్లోంచి కదల్లేదు. వాళ్ళు వెళ్ళాక, "నువ్వెళ్ళు, నేనొద్దన్నానా?" అన్నాడు. మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కతే ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? వెళ్ళనని తెగేసి చెప్పింది. చాటుగా దిండు తడిసేలా ఏడ్చింది.

ఈలోగా ఆయన, కళ్ళు మసకగా ఉన్నాయన్నాడు. విజయవాడ డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నాడు. రాత్రికి అక్కడే ఉండమంటారేమో, బట్టలు సర్దమన్నాడు. డాక్టరేమో కళ్ళు శుభ్రంగా ఉన్నాయని చెప్పి పంపేశాడు. ఇదిగో, ఇలా తిరుగు ప్రయాణం.

ఆయన చేతుల నిండా మసి చూసి శ్యామలాదేవికి జాలేసింది. "పోనీ, బస్సెక్కి వెళ్ళిపోదామండీ."

"బండిని రోడ్డు మీదొదిలేసా?" అని గయ్యిమన్నాడు కుటుంబరావు.

నిజమే. సినిమాకెళ్ళినా, దొంగలెత్తుకుపోకుండా ఇంజన్లోంచి ఏదో ముక్క ఊడదీసి జేబులో వేసుకుంటేగాని హాల్లో అడుగుపెట్టని మనిషి. ఆయన్ని బస్సెక్కమనడం తనదే తెలివితక్కువ.

కబురెవరు మోశారో, తిరుపతిరావు పానా పట్టుకుని పరుగున వచ్చేశాడు. చెల్లెల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బావ వైపు మాత్రం చూడలేదు.

"శ్యామలా, ప్లగ్గులు చూశాడేమో అడుగు."

"చూశానని చెప్పు," అన్నాడు కుటుంబరావు.

"పెట్రోలు వస్తోందా అనడుగు."

"రాకపోతే ఇందాకా ఎలా వచ్చామో మీ అన్నయ్యనే అడుగు."

మూరెడు దూరంలో నిలబడ్డ ఇద్దరి మధ్యా ఆవిడ తల అటూ ఇటూ తిప్పలేక అలిసిపోయింది.

తిరుపతిరావు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలికి చూశాడు. తలెత్తి మొదటిసారి బావ వంక చూశాడు. మూత బిగించేశాడు.

"ఇక్కడంతా బానే ఉంది. పెట్రోలు పైపులో చెత్త పడ్డట్టుంది, ఊదాలి," అని పైపు ఊడదీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నోటితో ఎందుకయ్యా? మీ వంటింట్లో గొట్టం ఉందిగా!" అన్నాడు కుటుంబరావు.

ఆ మాట శ్యామలాదేవితో అనలేదు. సూటిగా బావమరిదితోనే అన్నాడు.

తిరుపతిరావుకు నవ్వాగలేదు. పైపులోని పెట్రోలు మీసాల మీద చిమ్మింది. అది చూసి కుటుంబరావు కడుపు పట్టుకుని నవ్వాడు. శ్యామలాదేవి నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

"నలుగుర్లో అనాల్సిన మాట కాదు బావా. తప్పు నాదే," అన్నాడు తిరుపతిరావు, మీసాలు తుడుచుకుంటూ.

"సరేలే. ముందు బండి సంగతి చూడు."

"ఇది ఇప్పట్లో తేలేది కాదు. పెళ్ళయ్యాక తీరిగ్గా చూద్దాం. ఇంటికి పదండి."

కుటుంబరావు కారు వంక దిగులుగా చూశాడు. "ఏం చేస్తాం, ఖర్మ!" అన్నాడు.

కారును ఇంటిదాకా తోసుకెళ్ళారు. మర్నాడు శ్యామలాదేవి మేనకోడలికి తొలి నలుగు పెట్టింది. పెళ్ళిలో వడ్డనల పెత్తనమంతా కుటుంబరావుదే. మసి పట్టిన లాల్చీ ఉతికేస్తానంటే మాత్రం ఇవ్వలేదు. మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

అప్పగింతలయ్యాక, ఆ మసి లాల్చీతోనే తిరుగు ప్రయాణానికి తయారయ్యాడు. శ్యామలాదేవి వదిన పెట్టిన చీర ఒళ్ళో పెట్టుకుని కార్లో కూర్చుంది. స్వామికి ఒక్క కాయేం సరిపోతుంది, పదకొండు కొట్టాలి అనుకుంది. తన మొక్కు వల్ల ఈయన బండి పాడైపోయింది పాపం, ఆ సంగతి ఏనాటికైనా చెప్పుకోవాలి అని కూడా అనుకుంది.

కుటుంబరావు కారు చుట్టూ ఓసారి తిరిగి నిట్టూర్చాడు. "ఇక మెకానిక్‌ని పిలవాల్సిందే."

తిరుపతిరావు బానెట్ ఎత్తి పట్టుకుని, నవ్వాపుకుంటూ చెయ్యి చాపాడు.

"మెకానిక్కెందుకు బావా, జేబులో ముక్క ఇలా ఇవ్వు."