గాజులకు గుడ్డ

గిండీ జాతీయ ఉద్యానవనంలో చీకటి పడింది. జింకలను చిత్రీకరించడానికి దామోదరం పొదల చాటున కూర్చున్నాడు. హెడ్‌ఫోన్‌లో అవి గడ్డి కొరికే చప్పుడు తప్ప ఏమీ లేదు.

భార్య అమ్మణి బతికుండగా ఒక్కసారే వెంట వచ్చింది. గాజులు మోగకుండా గుడ్డ చుట్టుకుంది.

"ఈడనే ఓరంగా కూర్చుంటాలేయ్యా. ఊపిరి గూడా మెల్లిగా తీస్తా."

"గుడ్డ కట్టినా మోగుతాయి. జింకలన్నీ పారిపోతాయి. ఇంటికి పోవే."

పోయింది. చనిపోయేదాకా మళ్లీ అడగలేదు.

ఇప్పుడు జింకలన్నీ తలలెత్తాయి. అతన్ని కాదు, అతని పక్కనున్న ఖాళీ చోటును చూశాయి. ఒక్కటీ బెదరలేదు. హెడ్‌ఫోన్‌లో, గుడ్డ కింద గాజులు ఒరుసుకుంటున్న చప్పుడు.

అతను తల తిప్పలేదు. కాస్త జరిగి చోటిచ్చాడు.

"కూర్చో, అమ్మణీ."

అతని గొంతు వినగానే జింకలన్నీ పారిపోయాయి. గాజుల చప్పుడూ ఆగిపోయింది.